అస్తరు

మెళియాపుట్టి సంత నాడు, పొద్దు వాలాక,
నా మిషను బల్ల మీద విరిగిన గొడుగొకటి పెట్టి
"దీన్ని ఆడ కణితిగా కుట్టాల బావూ" అన్నాడు
సవర లింబయ్య.

నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.
"సంకలో ఇమిడిపోవాల.
కొండెక్కినప్పుడు బరువు తెలకూడదు.
ఇదిలిస్తే నాలుక్కాళ్ళ మీద నిలబడిపోవాల."

వాళ్ళ తాత దీమాన్ని చెక్కతో చేశాడట.
మోసి మోసి ఆయనకే గూను వచ్చింది.
మేనమామ వెదురుతో అల్లాడు.
అడుగేస్తే కిర్రుమని
ఆమడ దూరంలో మందకి కబురు పంపేది.
నిజం తోలే కప్పి చూశారొకసారి;
మగ కణితి రాలేదు, చిరుత వచ్చింది.

అందుకని గుడ్డ. అందుకని నేను.

నైలాను తీస్తే ఎండకి పట్టి "మెరుస్తాది" అన్నాడు.
టెర్లిను చెవి దగ్గర నలిపి
"మాటాడతాది."
నీలిమందు పెట్టిన దుప్పటి ముక్కని
వేలి కొసతో తోసేశాడు:
"మన కంటికి తెలుపు. దాని కంటికి నిప్పు."
ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాను
చెవితో గుడ్డ ఎంచిన గిరాకీని చూడలేదు.

చివరికి ఆయన చెయ్యి ఆగింది
రాత్రిళ్ళు నా మిషను మీద కప్పే ముతక గుడ్డ మీద.
నూనె కంపు కదా అన్నాను.
"మహేంద్రతనయలో మూడు రేత్రులు నానితే
ఏటి కంపే ఉంతాది."

"ఛాతీ ఎంత?" అలవాటుగా అడిగేశాను.
కళ్ళు మూసుకుని, రెండు చేతులూ చాపి
లేని మెడనొకదాన్ని కావలించుకున్నాడు.
ఆ చేతుల నడుమ టేపు పట్టి
గాలికి కొలత రాసుకున్నాను.

చెవుల్ని ఒక్క మొదట్లోనే కుట్టాను, గాలికి అల్లాడాలి.
కళ్ళకి కోటు గుండీలు చూపిస్తే
"ఒద్దు బావూ,
సూసేదాని దగ్గరకి ఏదీ రాదు" అన్నాడు.

జీడిమామిళ్ళు పూతకొచ్చినప్పుడు మళ్ళీ వచ్చాడు.
ఎడమ చెయ్యి మెడకి వేలాడుతోంది.
కుడి చేత్తో దీమాన్ని విదిలించాడు.
డొక్కలో చిల్లి.
చిల్లి చుట్టూ ఎండిన గోధుమ రంగు మరక.

"అవతల గూడెం గుంటడు.
నాను దీన్ని సంకనెట్టుకుని దిగతన్నాను,
పొదల మీంచి తలొక్కటే అగుపడింది ఆడికి.
మంచి గురి." కాసేపాగి,
"నువ్వూ బాగా కుట్టినావు."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

చిల్లి రఫ్ చేస్తూ చెప్పాను:
లోపలివైపు ఎర్ర అస్తరు వేస్తాను,
మోసేటప్పుడు తిరగేసి మడువు.
ఎరుపు కణితికి ఆనదు,
మనిషికి ఆనుతుంది.

"ఏ మనిషికి?" అన్నాడు లింబయ్య.

కత్తెర ఆగిపోయింది.
బల్ల కింద మూటలో ఎర్రగుడ్డ ఉంది.
ఎవరికి కుట్టావని రెండుసార్లు
స్టేషనుకి పిలిచి అడిగిన గుడ్డ.
ఆ ఏడు కొండ మీద
బాణాలు మాత్రమే లేవు.

చాలాసేపు ఇద్దరం రంగుల్ని తలుచుకున్నాం.
పచ్చ ఆకుల్లో కలిసిపోతుంది.
తెల్లటిది పారిపొమ్మని ఎత్తిన తోక.
ఖాకీ ఊసు ఇద్దరమూ ఎత్తలేదు.

ఇంటికెళ్ళి పారమ్మ పెట్టె తీశాను.
కనకాంబరం రంగు చీర,
అంచు చిరిగింది, ఇంకా రెండేళ్ళు కట్టుకునేదే.
ఆ రంగు ఏ జెండాలోనూ చూసిన గుర్తు లేదు,
ఏ దుస్తుల్లోనూ లేదు.

కూలీ కింద అడ్డాకుల కట్ట పెట్టి వెళ్ళాడు,
కణితిని తిరగేసి, చంకన పెట్టుకుని.
మా ఆవిడకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ
కొట్టు గుమ్మంలో నిలబడ్డాను.

రెండో మలుపు దాకా కనకాంబరం కనపడింది.
ఆ పైన,
చూడవలసినవాళ్ళు చూడాలి.